బళ్లో పిల్లల మధ్య మంచితనం పెంచడం ఎలా? అమ్మానాన్నలూ టీచర్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా పిల్లల్లో సగంమంది ఏటిగట్టు ఇవతలి ఊళ్ల నుంచి సైకిళ్ల మీద వస్తారు, మిగతావాళ్లు గోదారి మధ్య ఉన్న లంకల్లోంచి పడవ దాటి వస్తారు. పేరెంట్స్ మీటింగుల్లో, స్టాఫ్ రూములో, రేవులో పడవ కోసం నిలబడ్డప్పుడు నన్ను అడిగిన ప్రశ్నలివి. సమాధానాల్లో కొన్ని చదివి తెలుసుకున్నవి. ఎక్కువ భాగం మాత్రం క్లాసులో పొరపాట్లు చేసి, దిద్దుకుని తెలుసుకున్నవి.

మంచితనం నేర్పితే వచ్చేదా? పుట్టుకతో రావాలంటారు కదా?

పుట్టుకతోనే కొంత వస్తుంది. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమాసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఏడాదిన్నర పిల్లల్ని కూర్చోబెట్టి, వాళ్ల ఎదుట ఒక పెద్దమనిషి చేతిలోని వస్తువు జారిపోయినట్టు, అది అందక అవస్థ పడుతున్నట్టు చేసి చూపించారు. ఇంకా మాటలు కూడా సరిగ్గా రాని ఆ పసివాళ్లలో చాలామంది, ఎవరూ అడక్కుండానే వెళ్లి ఆ వస్తువు తీసి చేతికిచ్చారు. మనిళ్లలోనూ చూస్తూనే ఉంటాం. నాయనమ్మ కళ్లజోడు ఎక్కడ పెట్టిందో వెతికి తెచ్చేది ఇంట్లో అందరికంటే చిన్నవాడే.

మరి ఆరో తరగతికొచ్చేసరికి అదే పిల్లాడు పక్కవాడి చెప్పులు చెరువులోకి ఎందుకు విసురుతాడంటే, నలభైమందిలో తన చోటు తను నిలబెట్టుకోవాలి కాబట్టి. ఎవడు ఎవణ్ణి నవ్వులపాలు చేస్తే వాడిది పైచేయి అన్నట్టు ఉంటుంది క్లాసు. మనం చెయ్యాల్సింది కొత్త గుణం తెచ్చి నాటడం కాదు. ఎదుటివాణ్ణి కిందకి తొయ్యకుండా కూడా క్లాసులో చోటు దొరుకుతుందని పిల్లలకి రోజూ కనిపించేలా చెయ్యాలి. నీతికథ చెప్పి ఊరుకుంటే అది కనిపించదు. భోజనం లైను దగ్గర, బెంచీ మీద, కుళాయి దగ్గర కనిపించాలి.

మా గోదారోళ్లకి వెటకారం అన్నంలో ఉప్పులాంటిదండీ. అది కూడా మానిపించెయ్యమంటారా?

మానిపించమనను. మా ఇంట్లో మా మావగారు మాట్లాడే ప్రతి మూడో మాట వెటకారమే, ఆయన లేని రోజు ఇల్లు బోసిగా ఉంటుంది. ఎదుటివాడికి ‘అండీ’ చేర్చకుండా మాట్లాడలేని మనమే, అదే నోటితో అవతలివాణ్ణి ఆటపట్టించకుండా కూడా ఉండలేం. రెండూ కలిసే ఉంటాయి మన దగ్గర.

కానీ పిల్లలు పెద్దవాళ్ల దగ్గర వెటకారం నేర్చుకుంటారు గానీ దాని హద్దు నేర్చుకోరు. ఆ హద్దు నేను మూడు ప్రశ్నలుగా క్లాసులో చెబుతాను. అన్నవాడూ అనిపించుకున్నవాడూ ఇద్దరూ నవ్వుతున్నారా? అనిపించుకున్నవాడు తిరిగి ఒక మాట అనగలడా, అంటే ఊరుకుంటారా? రేపూ ఎల్లుండీ కూడా అదే మనిషి మీద పడుతున్నారా, వంతులు మారుతున్నాయా? ముగ్గురు స్నేహితులు అరుగు మీద కూర్చుని ఒకరినొకరు ఆటపట్టించుకుంటే అది వెటకారం. పదిమంది చేరి ఒక్కణ్ణి రోజూ ‘నత్తోడా’ అని పిలిస్తే, వాడు తలొంచుకుని నవ్వినట్టు నటిస్తే, అది ఏడిపించడం. ఆ నవ్వు చూసి ‘వాడే నవ్వుతున్నాడు కదండీ’ అంటారు చాలామంది. వాడు ఇంకేం చెయ్యగలడు?

కొన్నిటి మీద మాత్రం మా క్లాసులో వెటకారం అసలు నడవదు. ఒంటి రంగు, శరీరంలో లోపం, నత్తి, కులం, ఇంటి పేదరికం, అమ్మానాన్నల పని. మనిషి తన చేతుల్లో లేనిదాన్ని ఏం చేసుకోగలడు? యాస కూడా అంతే. ఇటుక బట్టీల్లోకి, రొయ్యల చెరువుల మీదికి శ్రీకాకుళం వైపు నుంచో ఒడిశా నుంచో పనికొచ్చిన కుటుంబాల పిల్లలు మన బళ్లలో చేరుతుంటారు. వాళ్ల మాటని వెక్కిరించే మన పిల్లలు, రేపు హైదరాబాదు హాస్టల్లో ‘ఆయ్’ అన్నందుకు అదే వెక్కిరింత తింటారు. ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసులో ఒక్కసారిగా నిశ్శబ్దం వస్తుంది. చాలామందికి అన్నో అక్కో ఆ హాస్టళ్లలో ఉన్నారు మరి.

మంచిపని చేసిన పిల్లలకి స్టార్లూ బహుమతులూ ఇవ్వచ్చా?

నేను ఇచ్చాను. కొన్నేళ్ల క్రితం క్లాసులో ‘మంచిపనుల డబ్బా’ పెట్టాను. ఎవరికైనా సాయం చేసినవాళ్లు చీటీ రాసి వెయ్యాలి, శనివారం లెక్కపెట్టి ఎక్కువ వచ్చినవాళ్లకి చాక్లెట్లు. రెండు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. మూడో వారంలో ఇద్దరు స్నేహితులు ఒప్పందం కుదుర్చుకున్నారు: ఒకడు కావాలని పెన్సిలు పడేస్తాడు, రెండోవాడు తీసిస్తాడు, చీటీ పడుతుంది. ఇంకో పాప ఏడుస్తూ వచ్చింది, తను చేసిన సాయాన్ని వేరే అమ్మాయి తన చీటీలో రాసుకుందని. ఆ డబ్బా వల్ల పిల్లలు సాయం చెయ్యడం మాని సాయం అమ్ముకోవడం మొదలుపెట్టారు. తప్పు వాళ్లది కాదు, అంగడి తెరిచింది నేను.

తర్వాత చదివితే తెలిసింది, ఇది ఎప్పుడో తేలిన విషయమేనని. 1973లో అమెరికాలో ఒక నర్సరీ బళ్లో, రంగు పెన్నులతో బొమ్మలేయడమంటే ఇష్టపడే పిల్లల్లో కొందరికి ‘వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే ఆ పిల్లలే ఆ పెన్నుల జోలికి తక్కువ వెళ్లారు. పైన చెప్పిన పరిశోధకులిద్దరూ 2008లో ఇరవై నెలల పిల్లల్లోనూ ఇలాంటిదే చూశారు. సాయం చేసినందుకు వస్తువు పుచ్చుకున్న పిల్లలు, తర్వాత ఏమీ ఇవ్వనప్పుడు సాయం తగ్గించేశారు. ఉత్తి మెచ్చుకోలు అందుకున్నవాళ్లు, ఏమీ అందుకోనివాళ్లు అలా తగ్గించలేదు.

అయితే ఎలా మెచ్చుకోవాలి?

చూసింది చూసినట్టు చెప్పండి. ‘గుడ్ బాయ్’ అంటే వాడికేం అర్థమవుతుంది? ‘వాన పడుతుంటే చిన్న తరగతి పిల్ల సంచి కూడా నువ్వే మోసుకుని పడవ ఎక్కించావు, చూశాను’ అంటే చాలు. అందరి ముందూ అంటే సిగ్గుపడే పిల్లలుంటారు, వాళ్లకి నోటుబుక్కు దిద్దేటప్పుడు మార్జిన్లో ఒక వాక్యం రాస్తాను. ఆ పేజీ చింపి దాచుకున్నవాళ్లున్నారు.

భోజనాల దగ్గర తోపులాట, గొడవలు. అక్కడ ఏం చెయ్యగలం?

నన్నడిగితే మొదలుపెట్టాల్సింది అక్కడే. రోజు మొత్తంలో మన కళ్లు పడని గంట అది. ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారో, ఎవరి కంచంలో గుడ్డు మాయమవుతుందో, ఎవరు గోడ మూల ఒంటరిగా తింటారో అక్కడ తెలిసిపోతుంది. మన రాష్ట్రంలో 2024 నుంచి ఈ మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ మన గడ్డ మనిషి. 1841లో మండపేటలో పుట్టారు, లంకల గన్నవరంలో కాపురం, 1909లో కన్నుమూశారు. ఏరు దాటి వచ్చే బాటసారులకి, ఏ వేళప్పుడు తలుపు తట్టినా, నువ్వెవరని అడక్కుండా అన్నం వండి పెట్టిన తల్లి. గోదారి పాయ వైనతేయ మీదుగా కాలువని దాటించే వంతెన, అంటే అక్విడక్టుకీ ఆవిడ పేరే. పి.గన్నవరం మీదుగా రోజూ ఆ అక్విడక్టు దాటి వచ్చే పిల్లల్ని, ఆ పేరు ఎవరిదని అడిగాను. క్లాసులో ముగ్గురికే తెలుసు. మిగతావాళ్లకి ఆ రోజు సిలబస్ పక్కన పెట్టి ఆవిడ గురించి చెప్పాను. మూడు వారాల దాకా లైనులో తోపులాట వచ్చిందంటే ఎవడో ఒకడు ‘సీతమ్మగారు చూస్తున్నార్రా’ అనేవాడు.

కథ ప్రభావం మూడు వారాలే ఉంది, నిజం చెప్పాలి. తర్వాత నిలబెట్టింది ఏర్పాట్లు. మొదటిది, చిన్న తరగతుల లైను ముందు, పదో తరగతి చివర. పెద్దవాళ్లు మొదట గునిశారు, ఇప్పుడు అలవాటైంది. రెండోది, వడ్డనకి వంట అమ్మలతో పాటు రోజూ నలుగురు పిల్లలు, హాజరుపట్టీ వరసలో. వరస తప్పకూడదు. ‘నువ్వు చురుగ్గా ఉంటావు, నువ్వు రా’ అని ఏరితే రోజూ ఆ నలుగురే వస్తారు, మిగతావాళ్ల మీద ఒక ముద్ర పడుతుంది. ఫలానా ఇంటి పిల్లాడు వడ్డిస్తే మేం తినం అని ఒక ఇంటి నుంచి మాట వచ్చినప్పుడు మా హెచ్ఎం గారు ఒక్కటే అన్నారు: ‘ఇక్కడ వరస హాజరుపట్టీది, మా చేతుల్లో లేదండి.’ ఆ తర్వాత మళ్లీ ఎవరూ అడగలేదు. మూడోది, టీచర్లలో ఒకరు రోజూ పిల్లల వరసలోనే కూర్చుని అదే అన్నం తినాలి. నాకు శుక్రవారం.

వంట చేసే అమ్మలకి కంచం కడుక్కుని వెళ్లేటప్పుడు ఒక మాట చెప్పి వెళ్లమని నేర్పాం. ‘పప్పు బాగుందమ్మా’ అని ఎనిమిదో తరగతి కుర్రాడు అంటుంటే ఆవిడ మొహం చూడాలి.

కులం మాట వచ్చినప్పుడు పట్టించుకోనట్టు ఊరుకోవడం మంచిది కాదా? కదిపితే పెద్దదవుతుందేమో?

ఊరుకుంటే పోయేదైతే ఎప్పుడో పోయి ఉండేది. పిల్లలు దీన్ని ఇంటి నుంచి తెస్తారు. ఆరో తరగతికే ఇంటిపేరుని బట్టి లెక్క కట్టేస్తారు. ఎవరైనా ఆ మాటతో ఇంకొకర్ని తక్కువ చేస్తే అప్పటికప్పుడు ఆపాలి, పక్కకి పిలిచి మాట్లాడాలి, ఇంటికీ కబురు పెట్టాలి. అందులో మొహమాటం లేదు.

అయితే ఉపన్యాసం కంటే బాగా పనిచేసింది కలిపి పని చేయించడం. ఎలియట్ అరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో దీన్ని మొదలుపెట్టారు. అప్పుడే తెల్లవాళ్ల పిల్లల్నీ నల్లవాళ్ల పిల్లల్నీ ఒకే బళ్లో కలిపారు, రోజూ కొట్లాటలే. ఆయన పాఠాన్ని ముక్కలు చేసి గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. నా ముక్క నేను చెబితేనే నీకు పాఠం పూర్తవుతుంది, నువ్వు చెబితేనే నాకు.

నేను దాన్ని మన డెల్టా పాఠానికి పెట్టాను. గుంపుకి ఐదుగురు, నేనే కలుపుతాను, వాళ్లని ఎంచుకోనివ్వను. ఒకరికి ధవళేశ్వరం ఆనకట్ట, 1847లో మొదలై 1852లో ఎలా పూర్తయింది. ఒకరికి గౌతమి. ఒకరికి అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే వశిష్ట. ఒకరికి ఓడలరేవు దగ్గర కలిసే వైనతేయ. ఐదోవారికి కాలువలు, వరిసాగు. ఒక్కొక్కరు తమ ముక్క ఇంటి దగ్గర చదువుకుని వచ్చి మిగతా నలుగురికి చెప్పాలి, పరీక్ష మాత్రం మొత్తం మీద. ఎప్పుడూ నోరు విప్పని ఒక లంక పిల్లాడికి వైనతేయ వచ్చింది. వాళ్ల నాన్న పడవ నడుపుతాడు. ఏ నెలలో ఇసుకమేట ఎక్కడ వేస్తుందో, వరద ముందు నీళ్ల రంగు ఎలా మారుతుందో వాడు చెబుతుంటే మిగతా నలుగురూ నోటుబుక్కుల్లో రాసుకున్నారు. అంతకు ముందు వాడి పక్కన కూర్చోవడానికి ఇష్టపడక జరిగిపోయినవాడు కూడా రాసుకున్నాడు. నెలకి రెండు పాఠాలు ఇలా చేస్తే చాలు, అన్నీ చెయ్యక్కర్లేదు.

ఎవరినో ఏడిపిస్తుంటే పక్కన నిలబడి చూసే పిల్లలు ఏం చెయ్యాలి? వాళ్లని ఇందులోకి లాగడం న్యాయమేనా?

వాళ్లు అప్పటికే అందులో ఉన్నారు. చూసేవాళ్లు లేకపోతే ఏడిపించేవాడికి ఆట రక్తికట్టదు. కెనడాలో బడి ఆటస్థలాల్ని వీడియో తీసి చూసిన పరిశోధన ఒకటి 2001లో వచ్చింది. ఏడిపించిన సంఘటనల్లో 88 శాతం తోటిపిల్లల కళ్ల ముందే జరిగాయి, వాళ్లు కల్పించుకున్నది 19 శాతంలోనే. కానీ కల్పించుకున్నప్పుడు సగానికి పైగా, అంటే 57 శాతం సార్లు, పది సెకన్లలోపే గొడవ ఆగిపోయింది.

పది సెకన్లు! ఈ అంకె పిల్లలకి చెప్పి, గడియారం చూపించి లెక్కపెట్టిస్తాను. కొట్లాటకి దిగమని చెప్పను. నేర్పేది చిన్న పనులు: ఏడిపించేవాడితో వాదించకుండా, ఏడుస్తున్నవాడి పక్కకెళ్లి నిలబడడం. ‘రారా, బెల్లు కొట్టేస్తారు’ అని చెయ్యి పట్టుకుని తీసుకుపోవడం. నవ్వు వచ్చినా నవ్వకపోవడం. అదీ చేతకాకపోతే తర్వాత వాడి దగ్గరకెళ్లి ‘వాడు అన్నది తప్పు’ అని ఒక్క ముక్క చెప్పడం. వీటిని క్లాసులో నాటకంలా వేయించాలి. నోటితో విన్నది ఆ సమయానికి గుర్తు రాదు, ఒకసారి చేసి చూసింది గుర్తొస్తుంది.

ఇక చాడీల సంగతి. ‘మేడంకి చెబితే చాడీలు చెప్పినట్టు’ అన్న భయంతో పిల్లలు నోరు నొక్కుకుంటారు. వాణ్ణి ఇరికించడానికి చెబితే చాడీ. ఎవరినో బయటపడెయ్యడానికి చెబితే సాయం. ఈ తేడా ఏడాదికొకసారి చెబితే సరిపోదు, జూన్‌లో చెప్పాలి, సంక్రాంతి సెలవుల తర్వాత మళ్లీ చెప్పాలి.

ఏడిపించే పిల్లాణ్ణి ఏం చెయ్యాలి? మా రోజుల్లో గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం. మేం బాగుపడలేదా?

ముందు చట్టం మాట. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బళ్లో పిల్లల్ని శారీరకంగా శిక్షించకూడదు, మానసికంగా వేధించకూడదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. చట్టం లేకపోయినా నా మాట ఇదే. బలమున్నవాడు బలంలేనివాణ్ణి నొప్పించవచ్చన్న పాఠాన్నే కదా ఆ పిల్లాడు నేర్చుకున్నది? నేను బెత్తం తీస్తే అదే పాఠం రెండోసారి చెప్పినట్టు.

ఎనిమిదో తరగతిలో ఒకబ్బాయి ఉండేవాడు. చిన్నపిల్లల చిక్కీ లాక్కోవడం, చెప్పులు దాచడం, బూతులు. రోజూ ఫిర్యాదే. నేను వాణ్ణి క్లాసు బయట నిలబెట్టాను, ఒకసారి కాదు, నెలకు పైగా. పశ్చాత్తాపం ఇప్పటికీ ఉంది. ఒకరోజు వాళ్ల అమ్మమ్మ వచ్చింది. కూతురు ఇంటిపనికి కువైట్ వెళ్లి రెండేళ్లయిందట. అక్కడ పనంతా తెమిలాక, మనకి బాగా పొద్దుపోయాక ఆవిడ వీడియో కాల్ చేస్తుంది. వాడు ఆ ఫోను కోసం అర్ధరాత్రి దాకా కూర్చుంటాడు, కొన్ని రాత్రులు అది రాదు. రాని రాత్రి మర్నాడే వాడు బళ్లో చెలరేగేవాడు. మన డెల్టా ఊళ్లలో ఇలాంటి ఇళ్లు ఎన్నో. ఏ బడిలో చూసినా అమ్మ గల్ఫ్‌లో ఉండి, అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు కనిపిస్తారు. నేను ఒక్కసారైనా అడిగి ఉండాల్సింది.

తర్వాత మూడు పనులు చేశాం. పొద్దున్నే బడికి రాగానే వాడు నా దగ్గరికి వచ్చి ‘వచ్చింది’ అనో ‘రాలేదు’ అనో ఒక్క ముక్క చెబుతాడు. రాలేదంటే ఆ రోజు వాణ్ణి ఎక్కువ కదపను. రెండు, తీసుకున్నదానికి బదులు తీర్చాలి. చిక్కీ లాక్కుంటే తన చిక్కీ ఇవ్వాలి, చెప్పులు దాస్తే వెతికి తేవాలి. దీనికి మాత్రం మినహాయింపు లేదు, వాడి కష్టం అవతలి పిల్లకి సమాధానం కాదు కదా. మూడు, సాయంత్రం రేవు దగ్గర లంక పిల్లల్ని పడవ ఎక్కించేటప్పుడు తలలు లెక్కపెట్టే పని వాడికిచ్చాం, పక్కన పెద్ద టీచరు ఉండగా. బహుమతిగా ఇచ్చింది కాదు, వాడి గొంతు పెద్దది, అందరికీ వినిపిస్తుంది, అందుకని. మధ్యలో రెండుసార్లు మళ్లీ గొడవ చేశాడు. ఏడాది చివరికి ఫిర్యాదులు తగ్గాయి, పూర్తిగా పోలేదు.

క్షమాపణ చెప్పించాలా?

అప్పటికప్పుడు మెడ మీద చెయ్యి వేసి ‘సారీ చెప్పు’ అంటే అది నోటి నుంచి వస్తుంది, అంతే. ముందు పాడైనదాన్ని బాగుచేయించండి. చించిన పుస్తకం అట్ట వేసివ్వాలి. మాట తర్వాత వాడంతట వాడే అంటే మంచిది.

మా వాడికి కోపం వస్తే ఒళ్లు తెలీదు. కొట్టేశాక ఏడుస్తాడు.

మన పిల్లలందరికీ ధవళేశ్వరం వరద హెచ్చరికలు నోటికి వచ్చు. 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మూడోది వచ్చేదాకా ఇంట్లో కూర్చుంటే గతి ఏమవుతుందో లంకల వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ భాషనే కోపానికి వాడుకుంటున్నాం. చెవులు వేడెక్కడం, పళ్లు బిగియడం మొదటి హెచ్చరిక. గొంతు పెరగడం, పిడికిలి బిగుసుకోవడం రెండోది. మూడోది దాటితే ఇక నీళ్లు గట్టు మీదే. మొదటిదాంట్లోనే పిల్లాడు చెయ్యి పైకెత్తి ఒక వేలు చూపించి కుళాయి దగ్గరకి వెళ్లి మొహం కడుక్కుని రావచ్చు, ఎవరూ ఎందుకని అడగరు. నెలలో ఒకరిద్దరు పాఠం ఎగ్గొట్టడానికి వేలు చూపిస్తారు. ఆ మాత్రం నష్టం భరించవచ్చు.

ఇంట్లో కూడా ఇదే వేలు గుర్తు వాడండి, అమ్మానాన్నలు కూడా. నాన్న ఒక వేలు చూపించి వరండాలోకి వెళ్లాడని ఒక పాప వచ్చి చెప్పింది. నాకు చాలా సంతోషమేసింది.

మా అమ్మాయిని ఎవరూ ఆటలోకి రానివ్వడం లేదు. రోజూ ఏడుస్తుంది.

ముందు, ‘నువ్వే ఏదో చేసుంటావు’ అనకండి. తను చెప్పింది విని, క్లాస్ టీచర్‌తో ఒంటరిగా మాట్లాడండి. అందరి పిల్లల ముందూ అడిగితే మర్నాటి నుంచి ఇంకా దూరం పెడతారు.

టీచర్లకి ఒక మాట. 2012లో కెనడాలోని వాంకూవర్లో 9 నుంచి 11 ఏళ్ల పిల్లల మీద చేసిన పరిశోధన నాకు బాగా నచ్చింది. కొందరిని నాలుగు వారాల పాటు వారానికి మూడు మంచిపనులు చెయ్యమన్నారు, కొందరిని వారానికి మూడు చోట్లకి వెళ్లి రమ్మన్నారు. సంతోషం రెండు జట్లకీ పెరిగింది. కానీ మంచిపనులు చేసినవాళ్లని తోటిపిల్లలు ఇంకా ఎక్కువగా ఇష్టపడ్డారు. ఇది ఒంటరి పిల్లకి మాత్రమే చెప్పకూడదు, క్లాసు మొత్తానికి పెట్టాలి. అప్పుడు ఆ పిల్లకి కూడా ఎవరో ఒకరు చెయ్యి అందిస్తారు, తనూ ఎవరికో అందిస్తుంది. డ్రిల్లు పీరియడ్‌లో జట్లు పిల్లల చేత ఎంచుకోనివ్వకండి. ఆఖర్న మిగిలిపోయేది ఎప్పుడూ ఆ ఒక్క పిల్లే. చీటీలు తీయించండి.

కటీఫులు చెప్పుకోవడం, రెండు రోజులకి మళ్లీ కలిసిపోవడం మామూలే. దానికి పెద్దవాళ్లు కంగారు పడక్కర్లేదు.

మంచిగా ఉండమంటే ఆడపిల్లలు సర్దుకుపోతున్నారు, మగపిల్లలు రెచ్చిపోతున్నారు. ఎలా?

ఈ ప్రశ్న ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. తనని సైకిలు మీద వెంటపడుతున్న కుర్రాడి గురించి ఇంట్లో చెబితే ‘పోనీలే, నువ్వు పట్టించుకోకు’ అన్నారట. సహించడం మంచితనం కాదు. ఆడపిల్లకి మనం నేర్పాల్సింది గట్టిగా ‘వద్దు’ అనడం, వెంటనే పెద్దవాళ్లకి చెప్పడం, వాళ్లు వినకపోతే ఇంకొకరికి చెప్పడం. మగపిల్లాడికి నేర్పాల్సింది ‘వద్దు’ అన్న మాట విని ఆగడం. పిల్లల్ని ఎవరైనా లైంగికంగా వేధిస్తే బళ్లో రాజీ చెయ్యకూడదు, పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి.

మరి మగపిల్లాడు ఎప్పుడు మెత్తబడతాడు? వాడికి తుడవడం, ఊడవడం, చిన్నపిల్లల్ని చూసుకోవడం మన చేతుల మీదుగా అందాలి. మా క్లాసులో చీపురు వంతు అందరిదీ.

వరదలప్పుడు నష్టపోయిన పిల్లలకి తోటిపిల్లల చేత ఎలా సాయం చేయించాలి?

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఇళ్లకి ఇళ్లు మునిగాయి. పిల్లలు కట్టుబట్టలతో బయటికొచ్చారు, పుస్తకాలు పోయాయి. సాయం బోలెడు వచ్చింది. కానీ ఒకచోట పిల్లల్ని వరసలో నిలబెట్టి, నోటుబుక్కు చేతిలో పెడుతూ ఫోటో తీశారు. ఒక పిల్ల ఫోటోలో మొహం పక్కకి తిప్పుకుంది.

అప్పటి నుంచి మా పద్ధతి వేరు. పుస్తకాలు స్టాఫ్ రూములో బల్ల మీద ఉంటాయి, కావాల్సినవాళ్లు వచ్చి తీసుకుంటారు. ఎవరు ఇచ్చారో, ఎవరు తీసుకున్నారో రాయం. గట్టు ఇవతలి పిల్లలు పోయిన పాఠాల నోట్సు రెండో కాపీ రాస్తారు. లంక పిల్లలు కూడా ఇచ్చేవాళ్లుగా ఉండాలి కదా, నీళ్లు తీశాక బడి గదులు కడిగేటప్పుడు ఒండ్రు ఎలా తియ్యాలో చెప్పేది వాళ్లే. మాకెవరికీ అంత ఒడుపు లేదు.

వాట్సాప్ గ్రూపుల్లో ఫోటోలు పెట్టి ఏడిపిస్తున్నారు. బడి బయట జరిగేది మా పనా?

ఆ గ్రూపులో ఉన్నది మీ క్లాసు పిల్లలే అయితే మీ పనే. ముందు స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, తర్వాత తీసేయించండి. ఫోటో మార్చి అసహ్యంగా చేసినా, బెదిరించినా అది పిల్లచేష్ట కాదు. సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పండి. ఆ పిల్ల ఫోను లాక్కోకండి, లాక్కుంటే రెండోసారి మీకు చెప్పదు.

టీచర్లే ‘గాడిదా’, ‘మొద్దూ’ అంటుంటే పిల్లలకేం చెబుతాం?

ఏం చెప్పలేం. మన పెద్దవాళ్లు పసిపిల్లల్ని కూడా ‘ఏం నాన్నా’, ‘ఏమ్మా’ అని పిలుస్తారు. ఆ పిలుపు క్లాసులోకి తెస్తే చాలు. పిల్లలు మనం వాళ్లతో మాట్లాడే తీరు కంటే, ఆయమ్మతోనూ అటెండరుతోనూ మాట్లాడే తీరు ఎక్కువ గమనిస్తారు.

ఇవన్నీ చేస్తూ కూర్చుంటే సిలబస్ ఏమవ్వాలి? మార్కులు తగ్గవా?

తగ్గవు. పిల్లలకి ఇలాంటి నడవడి నేర్పే 213 కార్యక్రమాల్ని, 2,70,034 మంది విద్యార్థుల వివరాల్ని కలిపి చూసిన సమీక్ష ఒకటి 2011లో వచ్చింది. ఆ పిల్లలు చదువులో కూడా మిగతావాళ్లకంటే సగటున 11 పర్సంటైళ్లు, అంటే వందమందిని వరసలో నిలబెడితే 11 చోట్లు, మెరుగ్గా ఉన్నారు. పైగా నేను చెప్పినవాటిలో వేరే పీరియడు అడిగేది ఏముంది? అన్నం ఎలాగూ తింటారు, పాఠం ఎలాగూ చెబుతాం.

మా చేతులు దాటిపోయిందనిపిస్తే ఎవరికి చెప్పాలి?

పిల్లలకి ఆపద ఉంటే 1098, పగలైనా రాత్రయినా. మనసు బాగాలేక దిగులు, నిద్రలేమి, చచ్చిపోవాలన్న మాటలు వినిపిస్తే టెలీమానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. ఈ రెండు నంబర్లూ నోటీసు బోర్డు మీద కాదు, పిల్లలు నీళ్లు తాగే చోట రాయించండి. నోటీసు బోర్డు దగ్గర నిలబడి నంబరు రాసుకునే పిల్లని నలుగురూ చూస్తారు.

సోమవారం నుంచి మొదలుపెట్టాలంటే ఒక్క పని చెప్పండి.

భోజనాల గంటలో ఒక కాగితం పట్టుకుని వెళ్లండి. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో గీసుకోండి. ఎవరికీ ఏమీ చెప్పద్దు. బుధవారం మళ్లీ గీయండి, శుక్రవారం మళ్లీ. మూడు కాగితాల్లోనూ పక్కన ఎవరూ లేని పేరు ఒకటో రెండో కనిపిస్తాయి. వచ్చే సోమవారం మీ కంచం పట్టుకుని వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చోండి, ఎదురుగా ఇంకో ఇద్దరిని పిలవండి.